తోలు తీయని మంచం

తెలకపల్లి నుంచి
5 జూన్ 1988

అక్కా,

ఈ ఉత్తరం చూడగానే నీకు రావలసిన కోపమంతా రానీ, ఆ తర్వాత చదువు. నేను బతికే ఉన్నాను. తెలకపల్లికి అవతల ఒక చిన్న ఊళ్లో మాసయ్య అనే పెద్దాయన దగ్గర పని నేర్చుకుంటున్నాను. మగ్గం మీద సగం చీర వదిలేసి చెప్పకుండా వచ్చినందుకు బావ ఏమన్నా పడతాను.

నీకు మాత్రం అసలు సంగతి చెప్పాలి. నాయన పోయినప్పటి నుంచి నేను మగ్గం గుంటలో కాళ్లు పెట్టలేకపోతున్నాను. కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుంటలో పోయాడు కదా. అన్నానికి పిలవడానికి వెళ్లి భుజం మీద చేయి వేసింది నేనే. ఆ రోజు వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు ఒక్కసారి లేకుండా పోతే చెవులు పోయాయనుకున్నాను. ఇప్పుడు ఏ గుంటలోకి దిగినా, మీ ఇంటి గుంటలోకైనా సరే, మోకాళ్ల కింద ఎవరో చల్లటి చేత్తో పట్టుకున్నట్టు ఉంటుంది. నేతపని చేసేవాడు గుంటకు భయపడుతున్నాడంటే గద్వాలలో నవ్వనివాళ్లు ఉండరు. అందుకే వచ్చేశాను.

ఇక్కడి పని నేల మీద, ఎండలో. మాసయ్య కుర్చీలు, మంచాలు, బల్లలు చేస్తాడు. వడ్రంగి పని అనుకోకు. చిత్రిక పట్టడు, పలకలు కోయడు. చెట్టు కొమ్మ ఎట్లా పెరిగిందో అట్లాగే వాడతాడు. పంగలాగా చీలిన కొమ్మ కుర్చీకి కాలు అవుతుంది, వంగిన కొమ్మ చేయి అవుతుంది. వాళ్ల తాత ఎవరో దొరల వేట బంగళాకు ఇట్లాంటివి చేసేవాడట. ఇప్పుడు వనపర్తి దిక్కు తోటల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లు వచ్చి చేయించుకుంటున్నారు. మొదటి రోజు నేను బెరడు చెక్కబోతే చేయి పట్టుకున్నాడు. "తోలు ఉండనియ్యి బిడ్డా. అంగి ఊడగొట్టి దాన్ని బజార్ల నిలవెడ్తవా" అన్నాడు.

నీ ఒంట్లో ఎట్లా ఉంది? అది ఒక్కటి నిజం రాయి.

నీ తమ్ముడు
కురుమూర్తి


గద్వాల
14 జూన్ 1988

తమ్ముడు కురుమూర్తికి,

అంతా క్షేమం అని మొదలుపెట్టాలి కాబట్టి క్షేమం. ఈ రోజు అమావాస్య. మగ్గాలకు సెలవు, అందుకే నిన్ను తిట్టడానికి తీరిక దొరికింది.

గుంటకు భయపడి అడవి దిక్కు పోయినవాణ్ని నిన్నే చూశాను. అక్కడి పాములు నువ్వు భయస్తుడివని జాలిపడి పక్కకు పోతాయా? మీ బావకు కోపం లేదు. సగం చీర తనే దిగి పూర్తి చేశాడు. "పోనియ్యి, పిల్లగాడు పరేషాన్ల ఉన్నడు" అన్నాడు. పాతికేళ్లు నిండినవాడివి, మీ బావకు ఇంకా పిల్లగాడివే.

నిజం రాయమన్నావు. ఇది ఎవరికీ చూపించకు. నాకు ఆరో నెల నడుస్తోంది. మొదటివాడు ఏడో నెలలోనే పోయాడు. రెండోది పుట్టింది కానీ కళ్లు తెరవలేదు. ఇంట్లో నేను నవ్వుతూ తిరుగుతాను, మగ్గానికి నూలు ఆసులు పోస్తాను, ఇందిరమ్మ టీచరమ్మతో గోడ మీద నుంచి ముచ్చట పెడతాను. లోపల మాత్రం చెయ్యి కడుపు మీద నుంచి తీయడానికి భయం. బిడ్డ కదిలితే ఎందుకు కదిలిందో అని భయం, కదలకపోతే ఇక చెప్పనే అక్కరలేదు. మీ బావకు చెబితే తనూ భయపడతాడు. అత్తమ్మ రామేశ్వరమ్మ అయితే నాకంటే ముందే భయపడి కూర్చుంది. ఎవరి భయం వాళ్లం దాచుకుని ఒకే కంచంలో తింటున్నాం.

దవాఖానలో డాక్టరమ్మ నేల మీద పడుకోవద్దంది, ఎక్కువ సేపు మంచం మీదే ఉండమంది. మన నులక మంచం సంగతి నీకు తెలుసు. దాంట్లో పడుకుంటే లేవడానికి ఇద్దరు మనుషులు కావాలి. నవ్వుతున్నావా? నవ్వు.

నీ అక్క
భాగ్యలక్ష్మి


తెలకపల్లి నుంచి
27 జూన్ 1988

అక్కా,

నీ ఉత్తరం చదివిన రోజు పని చేయలేకపోయాను. మాసయ్య అడిగితే చెప్పాను. "మరి నీ చేతులు ఉత్తగనే ఉన్నయి గద, అక్కకు మంచం జెయ్యి" అన్నాడు.

చేస్తున్నాను. కాళ్లు వేపవి, పొలం గట్టు మీద కొట్టినవి, నాలుగూ పంగలున్నవే. అడ్డకర్రలు తుమ్మవి. ఇందులో ఒక కిటుకు ఉంది, విను. అడ్డకర్ర బాగా ఎండి ఉండాలి, కాలు మాత్రం పచ్చిగా ఉండాలి. పచ్చి కాలుకు బెజ్జం వేసి ఎండు కర్ర దిగగొడతాం. రోజులు గడిచేకొద్దీ పచ్చిది ఆరుతూ ముడుచుకుని ఎండుదాన్ని పట్టుకుంటుంది. మేకు అక్కరలేదు. ఒకసారి పట్టుకుందంటే ఏనుగు లాగినా రాదంటాడు మాసయ్య. పైన తాళ్లతో కట్టు కూడా కడుతున్నాను, నా తృప్తికి. నులక నేనే అల్లాను. అల్లుతుంటే చేతులు వాటంతట అవే మన చీర అంచులో గుడి గోపురం బొమ్మ వేసినట్టు వేశాయి.

భయం ఇక్కడ కూడా ఉంది అక్కా, అబద్ధం చెప్పను. తుమ్మ కంపలో చేయి పెట్టే ముందు కర్రతో కొట్టి చూస్తాను, మాసయ్య నవ్వుతాడు. రంపం పట్టినప్పుడు చేయి వణుకుతుంది. కానీ ఈ మంచం చేస్తున్నప్పుడు వణకలేదు. ఈ బెజ్జం సరిగ్గా వస్తే అక్కకు ఏమీ కాదు అని మొక్కుకుని ఒక్కొక్కటీ వేశాను. అన్నీ సరిగ్గానే వచ్చాయి.

పూర్తి కాగానే గద్వాల బస్సు మీద వేసి పంపుతాను. బావను దించుకోమను.

కురుమూర్తి


గద్వాల
22 జూలై 1988

తమ్ముడూ,

మంచం చేరింది. బస్టాండు నుంచి మీ బావ నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. ఎత్తుగా ఉంది, నడుముకు హాయిగా ఉంది, నులక మీద గుడి చూసి వీధిలో ఆడవాళ్లు అందరూ వచ్చి వేలితో తడిమి పోయారు. ఇంతవరకు నీకు సంతోషం. ఇక మిగతాది రాయకపోతే మనసు ఆగదు.

అత్తమ్మ దాన్ని చూసి గడప దగ్గరే నిలబడిపోయింది. పొద్దుగూకాక మీ బావతో అంటుంటే విన్నాను. "పచ్చి కట్టె, తోలు తియ్యనిది, తాళ్లతోని కట్టింది. గట్లది ఇంట్లకి వస్తదారా? ఇంట్ల నుంచి పోతది గని."

నువ్వు పాడె చేయలేదు, మంచం చేశావు, నాకు తెలుసు. అయినా ఆ మాట విన్నప్పటి నుంచి పడుకున్నప్పుడల్లా నా రెండు పక్కలా ఆ తోలు కర్రలే కనిపిస్తున్నాయి. నాయనను మోసినవి కూడా అట్లాగే ఉన్నాయి కదా, ఆకు కూడా పూర్తిగా దూయలేదు. కళ్లు మూసుకుంటే అది గుర్తొస్తోంది.

ఇంకొకటి. మంచం చప్పుడు చేస్తోంది. ఎవరూ ముట్టుకోకుండానే టక్కుమంటుంది, కాసేపటికి కిర్రుమంటుంది. మొన్న మధ్యాహ్నం నేను వంటింట్లో ఉంటే ఖాళీ మంచం చప్పుడు చేసింది. అత్తమ్మ చేతిలో చెంబు కింద పడేసింది. కాళ్ల కింద తెల్లటి పిండి కూడా రాలుతోంది. రోజూ ఊడుస్తున్నాను, రోజూ రాలుతోంది. ఇది ఏంది తమ్మీ? నాకు చెప్పు, తొందరగా చెప్పు. ఇప్పుడు ఏడో నెల నడుస్తోంది.

భాగ్యలక్ష్మి


తెలకపల్లి నుంచి
30 జూలై 1988

అక్కా,

భయపడకు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

చప్పుడు కట్టె ఆరుతున్న చప్పుడు. పచ్చి కాలు ముడుచుకుని ఎండు కర్రను బిగిస్తోంది. ఎంత చప్పుడు చేస్తే అంత గట్టిపడుతున్నట్టు. ఆ పిండి తోలు కింద ఉన్న పురుగు తొలిచినది. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే పోతుంది. ఇవి నేను ముందే రాయవలసింది. ఇక్కడ మా చుట్టూ పొద్దంతా ఇవే చప్పుళ్లు, మేము వినడం మానేశాం.

అత్తమ్మ అన్న మాట మాత్రం నాకు తట్టనే లేదు. తోలు ఉంటేనే పనికి అందం అని నేర్చుకున్నాను, అట్లాగే చేశాను. తోలు తీయని పచ్చి కట్టె మన ఇళ్లలోకి ఎప్పుడు వస్తుందో, నాయనకు కొరివి పెట్టిన నేను మరిచిపోయాను. మాసయ్యకు చెబితే తల పట్టుకున్నాడు. "మా దిక్కు గీ పట్టింపు లేదు బిడ్డా, నాకు తెల్వదు" అన్నాడు.

నీకు ఏ కొంచెం అనుమానం ఉన్నా దాని మీద పడుకోకు. బయట పడేయండి. నా పని కంటే నువ్వు ఎక్కువ.

కురుమూర్తి


(కార్డు)
గద్వాల
9 ఆగస్టు 1988

కురుమూర్తికి,

పక్కింటి ఇందిరమ్మ టీచర్ రాస్తున్నాను. మీ అక్కకు ఆదివారం నుంచి ఒంట్లో బాగాలేదు. మంచం దించినారు. లేచి రాసే స్థితిలో లేదు. తమ్మున్ని భయపడవద్దని చెప్పమన్నది. వీలు చూసుకొని రావలెను.

ఇందిరమ్మ


తెలకపల్లి నుంచి
13 ఆగస్టు 1988

బావకు,

మీకు ఏ ముఖంతో రాయాలో తెలియడం లేదు. అయినా రాయకపోతే నేను మనిషినే కాను.

కార్డు గురువారం అందింది. మంచం దించినారన్న మాట దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి. మనిషిని ఎప్పుడు మంచం దించి నేల మీద వేస్తారో తెలియనివాణ్ని కాదు. ఆఖరి ఊపిరి మంచం మీద పోకూడదని కదా. బస్సులు మారుతూ, వనపర్తిలో దిగి మళ్లీ ఎక్కి, శుక్రవారం మధ్యాహ్నానికి గద్వాలకు వచ్చాను. బీచుపల్లి వంతెన మీద బస్సు పోతుంటే కృష్ణమ్మకు మొక్కాను, అక్కను ఉంచు, నన్ను తీసుకో అని.

వీధి మొదటికి వచ్చాను బావా. ఒక్క మగ్గం కూడా ఆడటం లేదు. ఒక్కటంటే ఒక్కటి. శ్రావణం ముందర, చేతినిండా పని ఉండే రోజుల్లో, పట్టపగలు వీధి మొత్తం నిశ్శబ్దంగా ఉంది. అట్లా ఎప్పుడు ఉంటుందో నాకు తెలుసు. ఇంకో నాలుగు అడుగులు వేసి చూస్తే మీ ఇంటి ముందు గోడకు నిలబెట్టి అది కనిపించింది. రెండు పొడుగు కట్టెలు, అడ్డకట్టెలు, తాళ్లు. చుట్టూ ఆడవాళ్లు. నేను చేసిందే. నా చేతులతో తాళ్లు బిగించి కట్టిందే. అత్తమ్మ చెప్పింది నిజమే, అది ఇంట్లో నుంచి పోవడానికి వచ్చింది.

లోపలికి రాలేకపోయాను. నాయన భుజం మీద చేయి వేసిన చేత్తో అక్కను తాకలేకపోయాను. అట్లాగే తిరిగి బస్టాండుకు పోయాను. అక్కను సాగనంపకుండా పారిపోయినవాడికి శిక్ష ఏదైనా తక్కువే. బిడ్డ సంగతి అడిగే ధైర్యం కూడా లేదు.

నన్ను ఇక మీ ఇంటి మనిషి అనుకోకండి.

కురుమూర్తి


గద్వాల
19 ఆగస్టు 1988

చిరంజీవి కురుమూర్తికి, కీర్తిశేషురాలైన మీ అక్క దీవించి రాస్తున్నది.

మీ బావ నీ ఉత్తరాన్ని పైకి చదవడం మొదలుపెట్టాడు. సగంలో ఆపి కాగితం నా చేతికి ఇచ్చాడు. మిగతా సగం నేనే చదువుకున్నాను. తన చావు గురించి తనే చదువుకునే యోగం ఎంతమందికి ఉంటుంది చెప్పు. నేను నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. అత్తమ్మ వచ్చి ఇద్దరినీ తిట్టింది.

ఒరేయ్, ఆ రోజు అమావాస్య. అమావాస్యనాడు గద్వాలలో ఎవరు మగ్గం ఎక్కుతారు? మగ్గం వదిలి మూడు నెలలు కాలేదు, అది కూడా మరిచిపోయావా? కార్డు మీద తేదీ చూసినవాడివి, ఆకాశం వైపు చూడలేదా?

ఇక ఇందిరమ్మ కార్డు. నాకు ఆదివారం కొంచెం నొప్పి వచ్చింది. డాక్టరమ్మ కదలకుండా పడుకోమంది. నీ మంచం చప్పుడుకు నేను ఉలిక్కిపడటం చూసి మీ బావ, అత్తమ్మ నన్ను దాని మీద నుంచి దించి, మందంగా బొంతలు పరిచి వేశారు. మంచాన్ని బయట గోడకు ఆనించారు. ఆ మాటే టీచరమ్మకు చెప్పాను. ఆమె కర్నూలు మనిషి, ఆ మాటకు మన దిక్కు అర్థం తెలియక పొదుపుగా రెండు ముక్కలు రాసి పంపింది. నువ్వు చూసిన ఆడవాళ్లు నులక మీద గుడి ఎట్లా వేశావో చూడటానికి వచ్చినవాళ్లు.

ఇదంతా నవ్వులాటగా రాశాను గానీ, ఒక మాట సూటిగా చెప్పాలి. వీధి మొదటిదాకా వచ్చి తిరిగిపోయావన్న చోట నాకు ఒళ్లు చల్లబడింది. నేను లోపల బొంతల మీద పడుకుని, తమ్ముడు ఈ రోజైనా వస్తాడేమోనని తలుపు వైపే చూస్తున్నాను. నువ్వు రెండు ఇళ్ల అవతల నిలబడి ఉన్నావు. నిజంగానే నాకు ఆ రోజు ఏదైనా అయి ఉంటే నువ్వు అట్లాగే పోయేవాడివా? నాకు నా చావు కంటే అదే ఎక్కువ భయంగా ఉంది. నాయన పోయాక నాకు పుట్టింటి మనిషివి నువ్వు ఒక్కడివే.

రా. నెల తిరిగేలోపు రా.

బతికి ఉన్న
భాగ్యలక్ష్మి


తెలకపల్లి నుంచి
27 ఆగస్టు 1988

అక్కా,

నీ చేతిరాత చూడగానే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. మాసయ్య చదివించుకుని విన్నాడు, రెండోసారి కూడా చదివించుకున్నాడు, ఆ రోజు ఇద్దరం పని మానేశాం.

రమ్మన్నావు. రావాలని ఉంది. కానీ నేను చేయి వేసిన చోటల్లా ఏదో ఒకటి అవుతోంది అక్కా. నాయన మీద వేశాను. మంచం చేశాను, నీకు నొప్పి వచ్చింది. కాన్పు అయ్యేదాకా నేను దూరంగా ఉండటమే మంచిదనిపిస్తోంది. కోప్పడకు. ఆ మంచాన్ని మాత్రం విరగ్గొట్టి పొయ్యిలో పెట్టమని బావకు చెప్పు. అది అక్కడ ఉందంటే నాకు నిద్ర పట్టడం లేదు.

కురుమూర్తి


గద్వాల
30 సెప్టెంబర్ 1988

తమ్ముడూ,

ఆడపిల్ల. కళ్లు తెరిచింది.

ఆ ఒక్క మాటా రాసి కవరు అంటించి పంపుదామనుకున్నాను. చేయి ఆగలేదు, మిగతాది కూడా విను.

నువ్వు చెప్పినట్టే మీ బావ మంచం విరగ్గొట్టబోయాడు. అడ్డకర్ర పట్టి గుంజాడు, కాలు పెట్టి తన్నాడు, పక్కింటి భీమన్నను పిలిచి ఇద్దరూ చెరొక పక్క లాగారు. ఒక్క అతుకు కూడా ఊడలేదు. "వీని పాడుగాను, ఏం జేసిండే" అని మీ బావ నిన్ను మొదటిసారి మెచ్చుకున్నాడు. విసుగొచ్చి పెరట్లో పడేశారు.

పోయిన వారం వానలు మొదలయ్యాయి. ఆగలేదు. గుంట నిండింది, ఇంట్లో నేలంతా చెమ్మ, బొంతలు పిండితే నీళ్లు. నాకు నొప్పులు అప్పుడే మొదలయ్యాయి. దవాఖానకు పోదామంటే రిక్షా దొరకలేదు, వీధిలో మోకాలి లోతు నీళ్లు. మీ బావ తడుస్తూ పోయి మంత్రసాని నర్సమ్మను తెచ్చాడు. ఆమె వస్తూనే "గీ తడి నేల మీద కాన్పు జేస్తరా? మంచం ఏదుంటె అది తెండ్రి" అంది. మన పాత నులక మంచం తాడు తెగి ఎప్పుడో మూలకు పడింది. అత్తమ్మ లేచి పెరట్లోకి పోయింది.

మంచం లోపలికి తెచ్చే ముందు ఆమె గడపలో కూర్చుంది. పోగులు కోసే చిన్న కత్తి తీసుకుని నాలుగు కాళ్లకూ జానెడు జానెడు తోలు గీకేసింది. కింద కట్టె తెల్లగా బయటపడింది. దాని మీద పసుపు రాసింది. "తోలు దీసినం. ఇగ ఇది మంచమే" అంది. నేను నొప్పుల్లో ఉండి కూడా ఆమె ముఖం చూశాను. ఆమె చేతులు వణుకుతున్నాయి తమ్మీ, నీ చేతుల్లాగే.

దాని మీదే పడుకోబెట్టారు. పక్కన కుంపటి పెట్టారు. ఎంత సేపో నాకు గుర్తు లేదు. బిడ్డ బయట పడింది, ఏడవలేదు. నర్సమ్మ మాట్లాడలేదు. అత్తమ్మ మాట్లాడలేదు. వాన చప్పుడు కూడా నాకు వినపడలేదు. రెండోది పుట్టినప్పుడు కూడా ఇట్లాగే ఉండింది ఇల్లు. ఇక అయిపోయింది అనుకున్నాను, నిజంగా అనుకున్నాను.

అప్పుడు కుంపటి వేడికి నీ మంచం టక్కుమంది.

అత్తమ్మ అరిచింది. ఆ వెంటనే బిడ్డ ఏడ్చింది. మంచం చప్పుడుకే ఉలిక్కిపడి ఏడ్చిందని అత్తమ్మ అంటుంది. తను వీపు మీద చరిస్తేనే ఏడ్చిందని నర్సమ్మ అంటుంది. ఇద్దరూ ఇంకా తేల్చుకోలేదు, నన్ను సాక్ష్యానికి పిలుస్తున్నారు. నేను ఎవరి వైపూ చెప్పలేదు. నీకు మాత్రం చెబుతున్నాను, నాకు మొదట వినపడింది మంచమే.

ఇప్పుడు అది చప్పుడు చేస్తే నాకు భయం లేదు. చప్పుడు లేకపోతేనే భయం. బిడ్డ నిద్రపోయి ఇల్లు నిశ్శబ్దమైతే లేచి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. మీ బావ నవ్వుతాడు, నేను అటు తిరగగానే తనూ పెట్టి చూస్తాడు. ఈ భయం ఎన్నాళ్లుంటుందో అత్తమ్మను అడిగాను. "నీ మొగనికి ముప్పై రెండు ఏండ్లు. నాకు ఇంక పోలే" అంది.

కాబట్టి నీ భయం పోయాక వస్తానని కూర్చోకు. భయంతోనే రా. గుంటలో నీళ్లు తోడేశారు, మగ్గం మళ్లీ ఎక్కించారు. దాన్ని చూడలేకపోతే గుంట వైపు వీపు పెట్టి కూర్చో, బిడ్డ వైపు ముఖం ఉంటుంది. పేరు పెట్టాలి. మేనమామ లేకుండా పెట్టనని చెప్పాను. ఆ చేయి దేని మీద వేశావో, ఏమైందో నాకు లెక్క లేదు, ఆ చేత్తోనే నా బిడ్డను ఎత్తుకోవాలి.

ఒక్కటే గుర్తుపెట్టుకో. అమావాస్యనాడు మాత్రం రాకు. మామూలు రోజు రా. వీధి మొదట్లో నిలబడి విను, మగ్గాలు ఆడుతుంటాయి. విన్నాక ఇంకో నాలుగు అడుగులు వెయ్యి.

నీ అక్క
భాగ్యలక్ష్మి